విద్యుచ్ఛకటముతో మా యనుభవము
(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



ఈ సంవత్సరము మహాసభలో విద్యనుగూర్చి కాక, మీరు నడుపుచున్న కారునుగూర్చి చెప్పవలయునని కార్యదర్శిగారు కోరినపుడు మేము కొంత విస్మయ మందితిమి. ముప్పదియేండ్లకు పైగా శబ్దములును సంధిసూత్రములును బోధించిన వానికి యంత్రములతో నేమి పని? అయినను కేసముద్రము మార్కెటుయార్డు ముందు బండి నిలిపినప్పుడెల్ల మన వారు చుట్టును గూడి అడిగిన ప్రశ్నలనే మరల నడుగుచుండిరి గావున, అందఱకు నొక్కమాఱే ప్రత్యుత్తర మిచ్చుట మేలని యొప్పుకొంటిమి.

ముందుగా పేరు. విద్యుత్తునకు శకటము చేరినచో శ్చుత్వ ఛత్వములు వచ్చి విద్యుచ్ఛకట మగునని మేము నిర్ణయించితిమి. మా గృహిణి దానిని "కరెంటు కారు" అని తేల్చివేసినది. మా వీథిలోని పిల్లలు "సప్పుడు లేని కారు" అందురు. మూడింటిలో పిల్లలు పెట్టిన పేరే యథార్థము. చప్పుడు లేకపోవుట గుణమే కాక దోషము గూడ; వడ్ల బస్తాలపై కునుకు తీయు హమాలీలను లేపుటకు మేము హారను మ్రోగింపక తప్పదు.

మాకీ బండి వేడుకకై రాలేదు. 2023లో మా గృహిణికి పక్షవాతము తగిలి కుడికాలు పట్టు తప్పినది. వారమునకు రెండుసారులు హనుమకొండకు వ్యాయామచికిత్సకై పోవలసి యుండెను. బస్సు మెట్లెక్కుట ఆమెకు సాధ్యము గాదు. రైలు నిలుచు రెండు నిమిషములలో నెక్కించుట మాకు సాధ్యము గాదు. అద్దె కారు పిలిచినచో మా పింఛనులో నాలుగవవంతు దానికే చెల్లుచుండెను. 2024 ఆగస్టు చివరి రాత్రి కురిసిన మహావర్షమున కేసముద్రమునకును ఇంటికన్నెకును నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినది మీరందఱు నెఱుగుదురు. దారులు తెఱచిన పిమ్మట అద్దె కారువాడు మూడింత లడిగెను. ఆ దినముననే సొంతబండి కొనవలయునని నిశ్చయించుకొంటిమి. 2024 నవంబరు 18వ తేదీనుండి మన రాష్ట్రప్రభుత్వము విద్యుద్వాహనములకు 2026 డిసెంబరు 31 వఱకు రహదారిపన్నును రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. ఆ డిసెంబరులోనే మేము కొంటిమి. కుమారుడు "ఈ వయసులో మీకేల నాయనా?" యనెను. క్లచ్చి లేదు, గేరు మార్పు లేదు. త్రొక్కిన పోవును, వదలిన నెమ్మదించును. అఱువదిమూడవయేట మేము డ్రైవింగు నేర్చితిమన్న, ఆ ఘనత మాది గాదు, బండిదే.

ఇక లెక్క. మా బండి బ్యాటరీలో 24 యూనిట్ల విద్యుత్తు పట్టును. కంపెనీవారు కాగితముపై మూడువందల కిలోమీటర్లకు పైగా చెప్పుదురు గాని, మాకు నూటతొంబది వచ్చిన సంతోషమే. హనుమకొండకు పోను రాను సుమారు 120 కిలోమీటర్లు. చార్జింగులో పోవు నష్టముతో గూడ 17 యూనిట్లు. యూనిటు తొమ్మిది రూపాయలని వేసినను 153 రూపాయలు. పెట్రోలు బండి లీటరుకు పదునాఱు కిలోమీటర్లు నడచిన, లీటరు నూఱురూపాయలకు తక్కువ లేని యీ కాలమున, 750 రూపాయలు. బండి వెల మాత్రము పెట్రోలు బండికన్న నెక్కుడే; మావలె నెలకు వేయి కిలోమీటర్లు తిరుగనివా రీ లెక్కకు మోసపోరాదు.

ఇంట చేయవలసిన దొక్కటి. పదునాఱు ఆంపియర్ల సాకెటుకు మీటరునుండి వేఱు తీగ, సరియైన ఎర్తింగు. మా ఎలక్ట్రీషియను గోడప్రక్క గొయ్యి త్రవ్వి బొగ్గును ఉప్పును పోసి, "సారూ, ఎండకాలం రోజుకొక చెంబు నీళ్లు పొయ్యాలె" అని చెప్పిపోయెను. తులసికోటతోబాటు దానికిని మా గృహిణియే నీరు పోయుచున్నది.

గత ఫాల్గుణమున భద్రాచలము పోతిమి. మహబూబాబాదు, బయ్యారము, ఇల్లందు, కొత్తగూడెము మీదుగా నూటముప్పది కిలోమీటర్లు. కుమారుడే నడుపుచు, చల్లని గాలి పెట్టి, ఖాళీదారిలో ఎనుబదికి తగ్గక పోయెను. ఇల్లందు చేరునప్పటికి నూటికి అఱువదియైదు మిగిలెను, కొత్తగూడెమున నలుబదిమూడు. మేము ప్రక్కన కూర్చుండి అంకెనే చూచుచుంటిమి. పాల్వంచలో విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడగా మనుమడు, "తాతయ్యా, మన కారుకు పొగ లేదు గదా, ఆ పొగ యెవరిది?" అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. 1871లో విలియం కింగుదొర ఇల్లందు ప్రాంతమున కనిపెట్టిన సింగరేణి బొగ్గే అచ్చట మండుచున్నది. ఆ పొగలో మాకును భాగము గలదు. ఇంటిపై సౌరఫలకములు పెట్టువఱకు మేము పుణ్యము మాట యెత్తము.

భద్రాచలము చేరునప్పటికి పందొమ్మిది మిగిలెను. ఫోనులో చూపిన చార్జింగు యంత్రము దగ్గఱకు పోగా దాని తెర నల్లబడి యుండెను. పిలిచిన నంబరున నెవ్వరును బలుకలేదు. గృహిణి మందులు ఒకపూటకే తెచ్చుకొంటిమి. మఱునాడు మధ్యాహ్నమునకు హనుమకొండలో చికిత్స. మేము దిగిన సత్రమున అడుగగా గుమాస్తా, "మీ కారు కరెంటు తింటే బిల్లు నేను గట్టాల్నా సారూ?" యనెను. న్యాయమైన ప్రశ్నయే. ముందు పొడిగింపు తీగతో తగిలించితిమి. అరగంటలో ప్లగ్గు వేడెక్కి వాసన వచ్చెను. దానిని తీసివేసి, నీటిమోటారు గదిలోని పెద్ద సాకెటువఱకు బండిని వెనుకకు నడిపి, రాత్రి పదిగంటలకు తగిలించితిమి. తెల్లవారి ఆఱున్నరకు నిండెను. ఇరువదిరెండు యూనిట్లు, పదేసి రూపాయల చొప్పున 220 చేతిలో బెట్టగా గుమాస్తా "గింతేనా!" యని నవ్వెను. రాత్రియంతయు మేము మాత్రము నిద్రపోలేదు. తిరుగుదారిలో మేమే నడిపితిమి. యాబదియైదు దాటలేదు, ఏసీ పెట్టలేదు. నూటికి ముప్పదియొకటితో ఇల్లు చేరితిమి. అచ్చట గంటసేపు తగిలించి, కావలసినంత పట్టించుకొని, చికిత్సవేళకు హనుమకొండలో నుంటిమి.

హైదరాబాదునకు దినదినము పోయివచ్చువారికిని, ఇంటిముందు బండి నిలుపు చోటు లేనివారికిని ఇది యింకను తగదని మా యభిప్రాయము. పదిమందికి పయనమున ప్రాణమున్న దీ సాకెటులోనే. కావున మా ప్రార్థన యిది: మన సంఘపు వసతిగృహమునందును కల్యాణమంటపమునందును పదునాఱు ఆంపియర్ల సాకెటొకటి, మంచి ఎర్తింగు, యూనిట్లు చూపు ఉపమీటరు పెట్టింపవలయును. కారుగలవారికై దాతల ధన మేల యని నిన్న కార్యవర్గమున నొకరు ప్రశ్నించిరి. కారుగలవారు తమ యూనిట్లకు తామే చెల్లింతురు. అంతకు మించి, మన కుఱ్ఱవారు అప్పుచేసి కొన్న కరెంటు ఆటోలకును ఆ సాకెటే పనికివచ్చును. తీగకు, గొయ్యికి అగు వ్యయము కార్యవర్గము భరించినచో ఉపమీటరు వెల మేమిచ్చెదము.

ఖర్చులు వ్రాసిన నోటుపుస్తకము ఈ బల్లపై నుంచుచున్నాము. బండి మంటపము వెనుక వేపచెట్టు క్రింద నున్నది. గృహిణి అందులోనే కూర్చుండియున్నది, చూడదలచినవారు ముందు ఆమె ననుమతి యడుగుడు.