ఆప్టోమెట్రీ చదువు – ఒక గుమస్తా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఇలా కలుసుకుంటున్నాం. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు వేదికమీద ఉన్నారు. నేను మన మనవలు, మనవరాళ్లకు పనికివచ్చే ఒక చదువు గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను. దానికి ముందు, నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

1984లో నేనొక కార్యాలయంలో సీనియర్ గుమస్తాను. అటెండరుగా చేరి, ప్రమోషను మీద గుమస్తా అయిన ఒకాయన నా పక్క సీటులో ఉండేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. లెడ్జరు పోస్టింగులో ఆయనకు 3 బదులు 8, 6 బదులు 0 పడుతుండేవి. రెండుసార్లు నోటిమాటగా చెప్పాను. మూడోసారి పైకి నోటు పెట్టాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా పోయింది. ఆ కోత పెన్షను దాకా ఎలా వెంటాడుతుందో ఈ సభలో ఎవరికీ లెక్క కట్టి చూపించనక్కర్లేదు.

ఆరు నెలల తర్వాత దగ్గరలోని బడిలో కంటి శిబిరం పెట్టారు. అక్కడి ఆఫ్తాల్మిక్ అసిస్టెంటు ఆయన ముక్కుమీద ఒక ఫ్రేము పెట్టి, అద్దపు బిళ్లలు మార్చి మార్చి చూసి, దగ్గరచూపుకి అద్దాలు రాశాడు. అవి వచ్చిన నాటినుంచి లెడ్జరులో తప్పు లేదు. ఆయన నాతో నవ్వుతూ, "గవర్నమెంటోళ్లు సిరా పల్చన చేసీసారనుకున్నాను బాబూ!" అన్నారు.

ఆయనకున్నది చత్వారం. నలభై అని అర్థమిచ్చే సంస్కృతపు మాట నుంచి వచ్చిన పేరది. ఆ వయసు దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. నిర్లక్ష్యం కాదు, చూపు తక్కువని రెండో నోటు రాయవలసినవాణ్ణి నేను. మొదటి నోటు తప్పని ఒప్పుకోవలసి వస్తుందని రాయలేదు. ఆయన ఆ లోటుతోనే రిటైరయ్యారు. ఇప్పుడు లేరు.

2019లో మా మనవరాలు ఇంటర్ బైపీసీ పాసయింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగు పెట్టిద్దామని మా అబ్బాయి, నేను అనుకున్నాం. ఆ పిల్ల ఆప్టోమెట్రీ చదువుతానంది. "కళ్లద్దాల షాపులో కూర్చోవడానికా ఇంత చదువు?" అన్నాను. "తాతా, నువ్వు చెప్తావే ఆ లెడ్జరు గుమస్తా, ఆయనకి చూపు ఇచ్చింది పెద్ద డాక్టరా?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

అప్పుడు నేను తెలుసుకున్నవి చెబుతాను. కంటి డాక్టరు ఎం.బి.బి.ఎస్. తర్వాత కంటివైద్యం చదివి ఆపరేషన్లు చేస్తారు. ఆప్టిషియను రాసిచ్చిన పవరు ప్రకారం అద్దాలు అమర్చుతాడు. ఆప్టోమెట్రిస్టు చూపు కొలిచి పవరు నిర్ణయిస్తారు, కాంటాక్టు లెన్సులు అమర్చుతారు, కంటి ఒత్తిడి చూస్తారు, శుక్లాలు, నీటికాసుల వంటి జబ్బుల జాడ కనబడితే డాక్టరు దగ్గరకు పంపుతారు. అప్పట్లో ఇంటర్ తర్వాత డిగ్రీ నాలుగేళ్లు, అందులో చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్.

మనదేశంలో నాలుగేళ్ల డిగ్రీకి పేరుపడ్డ చెన్నై ఎలైట్ స్కూల్ 1985లో మొదలైంది. హైదరాబాదులో 1987లో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు కూడా ఈ చదువు చెబుతున్నారు. 2006లో వారి ఆసుపత్రి విశాఖపట్నం హనుమంతవాక దగ్గర వచ్చింది. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పల్లెలకు విజన్ సెంటర్లన్నది వారి పద్ధతి. వాటిలో పనిచేసే విజన్ టెక్నీషియన్లకు ఏడాది శిక్షణ ఉంటుంది. డిగ్రీ చదివించలేని ఇళ్లవారు ఇది గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతంలో ఈ పనికి అవసరం ఎంతో ఉంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్నని నూలు వడికే అమ్మలు, పలాసలో జీడిపప్పు ఒలిచి ఏరే ఆడవాళ్లు – అందరిదీ కంటితో చేసే పనే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరచూపు అద్దాలిచ్చి పరిశీలిస్తే, అద్దాలు లేనివారికంటే వారి కోత సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో ప్రకటించారు. అద్దాల జత ఇంటి రాబడిని అంత మార్చగలదు.

ఇక జాగ్రత్తలు. కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో కాగితం చూసి మరీ ఫీజు కట్టండి. ఈ వృత్తిని కూడా కలుపుతూ 2021లో కేంద్రచట్టం వచ్చింది కనుక గుర్తింపు లేని సర్టిఫికెట్టుతో పిల్లలు చిక్కుల్లో పడతారు. రోజూ రోగులు వచ్చే ఆసుపత్రి కాలేజీకి ఉందా అని విచారించండి, ఈ విద్య చేతికి రావాలి. మొదటి జీతం చూసి నిరాశపడకండి. మా మనవరాలి మొదటి జీతం నా పెన్షనుకంటే తక్కువ! అనుభవంతో పెరుగుతుంది. పై చదువులున్నాయి, సొంతంగా క్లినిక్కు పెట్టుకోవచ్చు. విదేశాలకు వెళ్లాలంటే మాత్రం అక్కడి లైసెన్సు నిబంధనలు వేరు.

ఆ పిల్ల 2023లో చదువు ముగించి ఒక కంటి ఆసుపత్రిలో పనిచేస్తోంది. మొన్న పండక్కి వచ్చి నా కళ్లు పరీక్షించి, "తాతా, ఈ పాత పవరుతోనే పేపరు చదువుతున్నావా?" అంది. "పేపరువాళ్లు అక్షరాలు చిన్నవి చేశారనుకున్నానమ్మా" అన్నాను. అన్నాక ఆ పెద్దాయన సిరా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇంట్లో పిల్లలెవరైనా ఈ చదువు పేరెత్తితే నాలాగ కొట్టిపారేయకండి. మీరూ ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి. నాడు రాయని రెండో నోటు ఈ రూపంలోనైనా మీ ముందు ఉంచాను.