గాజుల లక్ష్మీనరసు శెట్టి: కలము పట్టిన వర్తకుడు

తిరుగుబాటు అనగానే కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారికి మొదట స్ఫురించునది రాంజీ గోండు పేరు. 1860లో ఆ వీరుని నిర్మలలో మర్రిచెట్టునకు ఉరితీసిరని పెద్దలు నేటికిని చెప్పుకొనుచుందురు. అంతకు కొన్ని యేండ్లు ముందే, చెన్నపట్టణమున ఒక తెలుగు వర్తకుడు వేరొక మార్గమున తెల్లదొరతనము నెదిరించెను. ఆయన పట్టినది ఆయుధము గాదు, పత్రిక, మహజరు. గ్రంథాలయ రజతోత్సవవేళ గాజుల లక్ష్మీనరసు శెట్టిని స్మరించుట మిక్కిలి సముచితము.

లక్ష్మీనరసు శెట్టి 1806లో జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, రుమాళ్ల వ్యాపారి. కుమారుడును ఆ వ్యాపారముననే ప్రవేశించి విశేష ధనము నార్జించెను. కుంపిణీవారి రాజ్యమున ధనికుడగు వర్తకుడు నోరు మెదపకున్న సుఖముగా బ్రతుకవచ్చును. ఆయన ఆ సుఖమును కోరలేదు.

1844లో ఆయన తన ధనముతో ‘క్రెసెంటు’ అను ఆంగ్లపత్రికను స్థాపించి, హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించెను. దొరల తప్పులను దొరల భాషలోనే దొరలకు వినిపించుట ఆయన తలంపు. పత్రిక ప్రకటనను తమ గెజెటులో వేయుటకు సైతము ప్రభుత్వమువారు నిరాకరించిరి. 1846లో ప్రభుత్వ పాఠశాలలయందు బైబిలును పాఠ్యగ్రంథము చేయవలెనను ప్రతిపాదన రాగా, ఆయన పురజనులను సమావేశపరచి ప్రతిఘటించెను.

1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను ఆయన నాయకత్వమున వెలసెను. పన్నుల భారము, న్యాయస్థానముల జాప్యము, విద్యాలేమి మున్నగు బాధలను వివరించుచు ఆ సంఘము బ్రిటిషు పార్లమెంటునకు మహజరు పంపెను. అందు మిక్కిలి ఘోరమైన విషయము రైతులను హింసించి శిస్తు రాబట్టుట. వ్రేళ్లను కర్రల నడుమ నొక్కుట, మెడను కాళ్లకు కట్టి వంచి ఎండలో నిలుపుట నాటి వాడుకలు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోరు రాగా, శెట్టి ఆయనను జిల్లాలకు వెంటబెట్టుకొనిపోయి రైతుల గోడు స్వయముగా విననిచ్చెను.

ఫలితము శీఘ్రముగనే కనబడెను. 1854లో ఈ విషయము పార్లమెంటున చర్చకు వచ్చెను. విచారణ సంఘము నియమింపబడి, హింస నిజమేయని 1855లో నివేదించెను. 1859లో మద్రాసు పోలీసు చట్టము వెలువడి, పోలీసు పనిని శిస్తు వసూలునుండి వేరుచేసెను. కొట్టువాడును పన్ను వసూలుచేయువాడును ఒక్కడే యగు దుస్థితికి అడ్డుకట్ట పడెను. పల్లెలలో హింస ఆనాటితోనే సమసిపోయెనని చెప్పరాదు. కాని, అది నేరమని ప్రభుత్వముచేతనే ఒప్పించుట చిన్న విజయము గాదు.

1863లో ఆయనకు మద్రాసు శాసనసభలో స్థానము లభించెను. పత్రికకును ప్రజాకార్యములకును వెచ్చించిన ధనము మాత్రము తిరిగిరాలేదు. 1868లో ఆయన పేదవాడై మరణించెను. లాభనష్టములు లెక్కించు కులవృత్తిలో పుట్టినవాడు తన లెక్కలో ప్రజల బాధనే అప్పుగా వ్రాసికొని, సర్వస్వమునిచ్చి తీర్చెను.

సభాసదులారా! నిర్మల మర్రి ధైర్యమును నేర్పును. లక్ష్మీనరసు శెట్టి జీవితము అక్షరమునకుగల ధైర్యమును నేర్పును. అర్జీ వ్రాయగలవానిని, చట్టము చదువగలవానిని పీడించుట సులభము గాదు. ఈ గ్రంథాలయపు బల్లపై పత్రికను విప్పు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆ వర్తకుని ధనమునకు వారసులే.