అల్పేంధనవాహనములు – మన విద్యానిధి
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



సంస్కృతవ్యాకరణము చెప్పి కాలము గడపిన మేము మోటారుబండ్లనుగూర్చి ప్రసంగించుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని మా తప్పొకటి యీ సభయెదుట ఒప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్లక్రిందట కుప్పము ప్రాంతపు మన బాలురు కొందఱు, స్వల్పేంధనముతో నడచు బండిని నిర్మించి పోటీకి గొనిపోవుటకై విద్యానిధినుండి సహాయము కోరిరి. నిధి ఫీజులకేగాని ఆటబొమ్మలకు గాదని పలికినవారిలో మేమును ఉంటిమి. ఆ బండి కట్టబడలేదు.

పోటీ యెట్టిదో పిదప తెలిసికొంటిమి. 1939లో అమెరికాయందలి ఇల్లినాయి రాష్ట్రమున షెల్ సంస్థవారి పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు, కొలిచిపోసిన పెట్రోలుతో ఎవరి కారు ఎక్కువ దూరము పోవునో యని పందెము వేసికొనిరి. నాడు గెలిచిన కారు లీటరునకు సుమారు 21 కిలోమీటర్లు నడచినదట! ఆ పందెమే షెల్ ఎకో-మారథాన్ అను పేర 1985లో ఫ్రాన్సున విద్యార్థుల పోటీయై, 2010లో ఆసియాకును, 2018లో చెన్నపట్టణమునకును, 2019లో బెంగుళూరికిని వచ్చెను. కుప్పము స్టేషనులో రైలెక్కిన ఈ రెండు నగరములకును నేరుగా పోవచ్చును. పోటీ వాకిటికి వచ్చినపుడు తలుపు మూసినవారము మనమే.

ఇందు వేగమునకు బహుమానము లేదు. గంటకు ఇంచుమించు 25 కిలోమీటర్ల సగటున నియమితములైన చుట్లు ముగించిన పిమ్మట, వ్యయమైన ఇంధనమును కొలుతురు. ప్రోటోటైపు తరగతియందు నడుపువారు గాక బండి బరువు 140 కిలోలు మించరాదు. నడుపువారు 50 కిలోలకు తగ్గరాదు. గాలి యడ్డు తగ్గుటకు నీటిబొట్టువంటి ఆకారము, సన్నని చక్రములు, ఒరపిడి తక్కువైన ఇరుసులు సమకూర్తురు. ఇంజనును కొంచెముసేపు నడపి, ఆపి, ఆ ఊపుతోనే చాలదూరము సాగుదురు. సూత్రమున అర్ధమాత్ర తగ్గించుటకు వైయాకరణులు పడు పాట్లు మేమెఱుగుదుము. బండిలో తులము బరువు తగ్గించుటకు వీరు పడు పాట్లును అట్టివే. లాఘవశబ్దమునకు తేలికయనియు నేర్పనియు రెండర్థములుండుట ఊరక కాదు. 2005లో జ్యూరిచ్ సాంకేతిక విద్యాపీఠమువారి పాక్-కార్ 2 అను జలజనకపు బండి, లీటరు పెట్రోలుకు సమానమైన శక్తితో 5,385 కిలోమీటర్ల లెక్కకు వచ్చెను.

అట్టి బండిలో సంతకు పోగలమా యని అడుగుదురు. పోలేము. కాని తక్కువ మేతతో పాలిచ్చు మూడడుగుల పుంగనూరు ఆవు విలువ తెలిసిన సీమవారికి ఈ విద్య కొత్తగాదు. మదనపల్లె మండీనుండి దూరదేశములకు పోవు టొమాటోల ధరలో లారీబాడుగ ఎంత మ్రింగునో మనలో సేద్యము చేయువారినే అడుగుడు. నేడు బొట్టుబొట్టుకు లెక్క నేర్చిన బాలుడే రేపటి లారీకి రూపకల్పన చేయవలసినవాడు.

ఒక చిక్కు కలదు. బండి కట్టుట ఒక్కరి పని గాదు. జట్టులో అందఱును మన కులమువారే యుండరు. అట్లని సహాయము మానరాదని మా యభిప్రాయము. బాలికలకును సమానముగా ఈయవలయును. (నిరుడు వేదికాలంకారమునకైన వ్యయము లెక్కలలో చూచితిమి, ఆ మాట యిపుడు వలదు.)

మధ్యాహ్నపు సభలో మా తీర్మానము వచ్చును: మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థిజట్టు ఒకదానికి ఏటేట సామగ్రివ్యయమును, రైలుఖర్చును విద్యానిధినుండి ఈయవలయుననియు, రసీదులు తప్పక పుచ్చుకొనవలయుననియు. మా మూడునెలల పింఛను ఇందులకై ఉదయమే కోశాధికారిగారికి అందజేసితిమి.