ఓడరేవు నంబరు, ఇంటి లెక్క



ఈ సదస్సును బందరులో, అంటే మచిలీపట్నంలో పెట్టాలని అనుకున్నవారెవరో నాకు తెలియదు గానీ, విషయానికి ఇంతకన్నా తగిన ఊరు కోస్తాలో దొరకదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఈ ఊరిమీద పడింది. సుమారు 30 వేలమంది పోయారని చరిత్రలో రాసుకున్నారు. ఇక్కడికి దక్షిణాన ఉన్న దివిసీమలో 1977 నవంబరు 19, శనివారం వచ్చిన ఉప్పెన ఈ సభలో చాలామందికి పుస్తకంలో చదివిన సంగతి కాదు. మొదటి వరుసల్లో కూర్చున్న పెద్దల్లో కొందరు ఆ నీళ్ళు చూసినవాళ్ళే.

నన్ను అధ్యక్షుడిగా పిలిచి, మనిషి ప్రమాదాన్ని ఎలా అంచనా కడతాడు, ఆ అంచనా అతని నడతను ఎలా మారుస్తుంది అన్న అంశం మీద మాట్లాడమన్నారు. నేను భాష చెప్పుకుని బతికినవాణ్ణి. వాతావరణ శాస్త్రం నా చేతిలో లేదు. కాబట్టి నాకు తెలిసిన దారినే వెళతాను. ప్రమాదం గురించి ఎవరు, ఎవరికి, ఏ మాటల్లో చెబుతున్నారు? విన్నవాడు ఏ లెక్క వేసుకుని కదులుతున్నాడు, ఏ లెక్క వేసుకుని ఉండిపోతున్నాడు?

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. 1990 మే నెల తుఫాను వచ్చేనాటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా మామ్మ అవనిగడ్డ అవతల మా పల్లెలో ఒక్కతే ఉండేది. రేడియోలో గంటగంటకూ చెబుతున్నారు. ఆమెను తీసుకురావడానికి వెళ్ళాను. రానంది. పదమూడేళ్ళ కిందటి ఉప్పెనను కళ్ళారా చూసిన మనిషి, తోడికోడలిని పోగొట్టుకున్న మనిషి, రానంటే రానంది. నాకు కోపం వచ్చింది. చదువులేకపోతే ఇంతే అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే నేను రెండు గంటలు వాదించి తెలుసుకున్నది ఇది: ఆమెకు తుఫాను భయం నాకన్నా ఎక్కువే ఉంది. కానీ ఇంట్లో నాలుగు బస్తాల మినుములున్నాయి. గేదె నేడో రేపో ఈనేట్టుంది. తలుపు గొళ్ళెం ఊడిపోయి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, బడి వరండాలో వందమంది మగవాళ్ళ మధ్య రాత్రంతా ఎలా ఉండాలి, చెంబు పట్టుకుని ఎక్కడికి పోవాలి అన్నది. నేను చెబుతున్నది ఒక ప్రమాదం. ఆమె చూస్తున్నవి ఐదారు. నా ప్రమాదం వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు. ఆమెవి మాత్రం ఇల్లు వదిలిన క్షణం నుంచీ ఖాయం.

చివరికి ఎలా కదిలింది? నేను చెప్పిన గాలివేగం విని కాదు. పక్కింటి కోడలు చంటిపిల్లతో లారీ ఎక్కడం చూసింది. తన ట్రంకుపెట్టె కూడా ఎక్కించుకుంటామని లారీవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ రెండూ జరిగాక గేదె పలుపు విప్పి, దాని మెడ నిమిరి, వచ్చి కూర్చుంది.

ఆ రోజు నాకు అర్థంకాని విషయానికి పదకొండేళ్ళ ముందే ఇద్దరు పండితులు సిద్ధాంతం రాసిపెట్టారు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన వ్యాసం సారాంశం మన పల్లెభాషలో చెప్పాలంటే, లాభం దగ్గర మనిషి జాగ్రత్తపరుడు, నష్టం దగ్గర జూదరి. ఖాయంగా పోయే కొంచెం, పోతే పోవచ్చుననే మొత్తం ఎదురెదురుగా నిలబడితే, చాలామంది రెండోదానికే పందెం కాస్తారు. మనస్తత్వశాస్త్రవేత్త అయిన కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ట్వెర్‌స్కీ అప్పటికే కన్నుమూశారు. వాళ్ళు ప్రయోగశాలలో డాలర్లతో అడిగిన ప్రశ్ననే తుఫాను లారీ మా మామ్మను మినుములతో అడిగింది.

ఆ ఇద్దరే 1973లో ఇంకో మాట చెప్పారు. ఏది సులువుగా గుర్తుకొస్తుందో అదే తరచుగా జరుగుతుందని మనసు అనుకుంటుంది. మన తీరం మీద ఇది ఒకసారి మేలే చేసింది. 1977 ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది చనిపోయారు. 1990లో వచ్చిన తుఫానూ తక్కువదేమీ కాదు, కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అయినా మరణాలు వెయ్యి లోపే. ఈ మధ్యలో తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగయ్యాయి, లక్షలమందిని తరలించారు. వీటన్నిటితోపాటు, ప్రతి ఇంట్లోనూ గోడకు ఉప్పెనలో పోయినవారి ఫోటో ఒకటి వేలాడుతూ ఉంది. పోలీసు వచ్చి బయలుదేరమంటే ఆ ఫోటో కూడా బయలుదేరమనే చెప్పింది.

అదే జ్ఞాపకం 1996లో అక్కరకు రాలేదు. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి తూర్పుగోదావరి తీరం మీద పడిన తుఫానులో పోయినవారిలో చాలామంది అప్పటికే నీళ్ళమీద ఉన్న పల్లెకారులు. గట్టున ఉన్నవాళ్ళకు తుఫాను సంగతి తెలుసు. వలవేసినవాడికి చెప్పే సాధనమే లేదు. వినపడని హెచ్చరికకు స్పందించలేదని మనిషి మనస్తత్వాన్ని తూకం వేయడం అన్యాయం. ఈ సదస్సుకు వచ్చిన వ్యాసాల సంక్షిప్తాలు చూశాను. రెండు మూడింటిలో ఆ పొరపాటు ఉంది.

ఇక నా అసలు ఫిర్యాదుకు వస్తాను.

తుఫాను పట్టగానే మన పత్రికల్లో, టీవీల్లో ఒక మాట మొదలవుతుంది: ‘మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక.’ తర్వాత ఏడు, ఎనిమిది, పది. మనం ఈ అంకెలను పరీక్ష మార్కుల్లా వింటాం. ఎనిమిది కన్నా పది పెద్దదనుకుంటాం. కానీ ఆ నంబర్లు మనకోసం పుట్టినవి కావు. అవి ఓడ కెప్టెన్ కోసం. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ మహాప్రమాద సూచికలే. వాటి మధ్య తేడా తుఫాను దారిదే. రేవును తన ఎడమవైపు ఉంచుకుని తీరం దాటబోతుంటే ఎనిమిది. కుడివైపు ఉంచుకుంటే తొమ్మిది. రేవుమీదుగానో, అతి దగ్గరగానో దాటుతుంటే పది. పదకొండో నంబరు కూడా ఒకటుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం.

ఓడ నడిపేవాడికి ఈ తేడా ప్రాణంతో సమానం. గట్టుమీద ఉన్నవాడికి కూడా నిజానికి అంతే, కానీ అతనికి ఎవరూ విప్పి చెప్పలేదు. మన తూర్పుతీరంలో తుఫాను పడమటికి వస్తున్నప్పుడు, దాని కుడిపక్క, అంటే కేంద్రానికి ఉత్తరాన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. ఎడమపక్క గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. 1977 తుఫాను కేంద్రం తీరం దాటింది కృష్ణా ముఖద్వారానికి నైరుతి దిక్కున. అక్కడా నష్టం తక్కువేమీ కాదు. కానీ సముద్రం లేచి ఊళ్ళను ఊడ్చుకుపోయింది దివిసీమలో. తుఫాను ఎక్కడో దాటుతోందట అని విని ఊపిరి పీల్చుకున్నవాడికి ఉప్పెన తనదేనని ఆ నంబరును విప్పి చెప్పినవాడు లేడు.

చూడండి, మన భాష ఈ విషయంలో ఎంత తెలివైనదో. ‘తుఫాను’ బయటినుంచి వచ్చిన మాట. అది గాలిది. ‘ఉప్పెన’ మనది. అది నీటిది. చంపేది ఎక్కువగా రెండోది. కానీ రేడియో నోట, అధికారి నోట ముందు వచ్చేది గాలే. గంటకు 150 కిలోమీటర్లు అంటారు. తాటాకు పాక ముందు నిలబడ్డవాడు ఆ అంకెను ఏం చేసుకోవాలి? నీటి సంగతికి వచ్చేసరికి ‘సాధారణ ఆటుపోటు మట్టం కంటే ఇన్ని మీటర్ల ఎత్తున’ అని ఉంటుంది. సాధారణ మట్టం ఏ గట్టు దగ్గర, ఏ పూట? పల్లెలో నీటిని మీటర్లలో కొలవరు. మోకాలిలోతు, నడుంలోతు, పీకలోతు, నిలువులోతు. దివిసీమ మీదికి వచ్చినది ఐదు మీటర్లు అని నివేదికలో చదివితే నాకు ఏమీ అనిపించదు. మూడు నిలువులు అంటే కాళ్ళకింద నేల కదులుతుంది. ఇది కవిత్వం కోసం చెప్పడం లేదు. రెండో మాట విన్నవాడు డాబా వెతుక్కుంటాడు.

డాబా అన్నాను కాబట్టి ఇంకో సంగతి. 1977లో బతికినవాళ్ళలో చాలామంది గుడిమీదో, డాబామీదో, చెట్టుమీదో బతికారు. సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్నది ఎవరి ఇళ్ళో, మెరకమీద డాబాలు ఎవరివో నేను ఈ సభకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రి వెళ్ళి తలుపు కొడితే ఎవరు తీస్తారు, ఎవరు లోపలికి రమ్మంటారు, ఎవరు వాకిట్లోనే ఉండమంటారు అన్నది కూడా ఆ మనిషి వేసుకునే లెక్కలో ఒక అంకె. మన ప్రశ్నపత్రాల్లో ఈ ప్రశ్న ఉండదు. ‘హెచ్చరిక అందిందా? నమ్మారా?’ అని మాత్రం ఉంటుంది. నమ్మడానికీ కదలడానికీ మధ్య ఆ తలుపు ఉంది.

నమ్మకం గురించి కూడా ఒక మాట. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను ఉత్తరాంధ్రను వణికించి, తీరం చేరకముందే నీరసించిపోయింది. 2022 మేలో అసని తీవ్ర తుఫానుగా బయలుదేరి, మన బందరు–నరసాపురం మధ్యకు వచ్చేసరికి బలహీనపడింది. అందుకు సంతోషించాలి. కానీ రెండుసార్లు సామాన్లు మోసి, మూడోసారి పిలుపు విన్నవాడి సంగతి ఆలోచించండి. వాతావరణ శాఖ తప్పు చెప్పలేదు, అవకాశం ఇంత ఉందని చెప్పింది. ఆ అవకాశం రెవెన్యూ ఆఫీసు దాటి, చాటింపు దాకా వచ్చేసరికి ‘వచ్చేస్తోంది’ అయిపోయింది. సందేహాన్ని సందేహంగా చెబితే జనం కదలరని అధికారులకు భయం. నా అనుభవంలో పల్లెకారుకు సందేహం కొత్తకాదు. వలవేసే ప్రతిసారీ అతను చేసేది ఆ బేరమే. అతనికి నచ్చనిది, పెద్దమాట చెప్పి తర్వాత మొహం చాటేయడం.

ఇది పల్లెల సంగతే అనుకుంటే పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదికి నేరుగా వచ్చింది. చదువుకున్న నగరం, రోజుల ముందునుంచీ కచ్చితమైన హెచ్చరిక ఉన్న నగరం. ఆ ముందురోజు కూడా, ఊరికి అడ్డంగా కొండలున్నాయి, ఇక్కడికేం రాదు అన్న మాట నేను చదువుకున్నవాళ్ళ నోటే విన్నాను. పాల్ స్లోవిక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1987లో చెప్పినదాన్ని బట్టి, నిపుణుడు ప్రమాదాన్ని మరణాల సంఖ్యతో తూస్తాడు, మామూలు మనిషి బెదురుతో, కొత్తదనంతో, తన చేతిలో ఉందా లేదా అన్నదానితో తూస్తాడు. పాత ప్రమాదానికి బెదురు తగ్గుతుంది. రోజూ హెల్మెట్ బండికి తగిలించి నడిపే మనం, సముద్రంలోకి పోయినవాణ్ణి చూసి మూర్ఖుడు అంటాం. తన ప్రమాదం ఎవరికీ ప్రమాదంలా కనపడదు.

ఇంతకీ దారి లేదా అంటే, పక్కదేశమే చూపించింది. 1970 నవంబరులో భోలా తుఫాను నాటి తూర్పు పాకిస్తాన్‌లో కనీసం 3 లక్షలమందిని తీసుకుపోయింది. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో రెండు పనులు జరిగాయి. ఊరివాళ్ళనే వాలంటీర్లుగా పెట్టి, చేతికి మైకు, జెండా ఇచ్చి ఇంటింటికీ పంపారు. చెప్పేవాడు మేనమామో, బడిపంతులో అయితే వినేవాడి లెక్క మారుతుంది. రెండోది నాకు మరీ ఇష్టం. పశువులను తోలుకొచ్చి నిలబెట్టడానికి ఎత్తయిన మట్టిదిబ్బలు పోశారు. వాటిని కిల్లాలు అంటారు. ఎవరో ఒక ఇంజనీరు మా మామ్మలాంటి మనిషి మాట చెవిన వేసుకుని ఉండాలి. ఆవుకు చోటు దొరికితే ఆవు మనిషి కూడా వస్తుంది. ఒడిశా 1999 తుఫానులో దాదాపు పదివేల ప్రాణాలు పోగొట్టుకుని, 2013లో ఫైలిన్ తుఫాను నాటికి సుమారు పది లక్షలమందిని కదిలించి, మరణాలను పదుల్లోకి తెచ్చింది. ఆ పద్నాలుగేళ్ళలో ఒడిశా ప్రజలు హఠాత్తుగా తెలివైనవాళ్ళు కాలేదు. వాళ్ళకు కదలడం తేలికయింది.

అందుకే ‘అవగాహన లోపం’ అన్న మాటను ఈ మూడు రోజులూ కాస్త పక్కన పెట్టమని వేడుకుంటున్నాను. అది పరిశోధకుడికి సుఖమైన మాట. తప్పంతా విన్నవాడిమీద వేసి, చెప్పినవాణ్ణి వదిలేస్తుంది. గేదెకు చోటెక్కడ, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా, వల పోతే ఎవరిస్తారు, ఇంటికి కాపలా ఎవరు అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా గాలివేగం ఎన్నిసార్లు చెప్పినా అది సగం హెచ్చరికే.

మీ వ్యాసాలు చదివే ముందు ఒక పని చేయండి. రేపు పొద్దున్న నాగాయలంక వైపునుంచి కొందరు పల్లెకారులు, ఆడవాళ్ళు ఈ సభకు వస్తున్నారు. మీరు రాసిన వాక్యాల్లో ముఖ్యమైనది ఒకటి తీసి, మైకు లేకుండా, గాలిలో అరిచి చెబుతున్నట్టు వాళ్ళకు చెప్పండి. అర్థం కాలేదని వాళ్ళంటే, వ్యాసం చదవకండి. వాక్యం మార్చి, మధ్యాహ్నం చదవండి. ఎంత ఆలస్యమైనా అధ్యక్షుడిగా నేను గంట కొట్టను.