టికెట్టు ఫ్రీ సరే, బస్సేదిరా?

(సీతంపేటలో ఆదివాసీ యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

 

ఎప్పుడూ మైకు ఇస్తే భూమి గురించి, పట్టాల గురించి మాట్లాడతాను. ఈ రోజు మా అమ్మమ్మ గురించి మాట్లాడతాను.

మా ఊరు కొండమీద. బస్సు ఆగే జంక్షన్‌కి నాలుగు కిలోమీటర్లు దిగాలి. అమ్మమ్మకి రెండు కళ్లలో శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కంటికి రమ్మన్న రోజు తెల్లారకముందే లేచి, ఆధార్ కార్డు కొంగుకి ముడేసుకుని, కర్ర పట్టుకుని బయల్దేరింది. రాత్రి వాన పడింది, దారంతా జారుడు. నేను చెయ్యి పట్టుకున్నా మలుపు మలుపుకీ కూలబడింది. మేం దిగేసరికి బస్సు ఎల్లిపోయింది. మళ్లీ బస్సు మధ్యాహ్నానికే. ఒక ఆటో వచ్చింది, అందులో అప్పటికే పదిమంది. వెనకాల వేలాడమంటే నేను వేలాడతాను, అమ్మమ్మ వేలాడగలదా? చెట్టుకింద కూర్చుని నన్ను అడిగింది: "ఆడోళ్లకి టికెట్టు ఫ్రీ అన్నారు గదా, మరి బస్సేదిరా?"

నా దగ్గర జవాబు లేదు. తిరిగి కొండెక్కాం. ఆ కన్ను ఇప్పటికీ అలాగే ఉంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అనను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. 60 ఏళ్లు దాటినవాళ్లకి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది. పింఛను ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. 65 దాటినవాళ్లకి రేషన్ కూడా ఇంటికే ఇవ్వాలని 2025 జూన్ నుంచి నిబంధన. అంటే ముసలోళ్లు దిగి రాలేరని సర్కారుకి తెలుసు. కానీ కంటి ఆపరేషన్ ఇంటికి రాదు. బ్యాంకు రాదు. సంత రాదు. వేరే ఊళ్లో ఉన్న కూతురి ఇంటికి మనిషే వెళ్లాలి.

సంత అంటే చిన్న విషయం కాదు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు పోగుచేసేది ఎక్కువగా మన ముసలి ఆడవాళ్లే. సంతకి దిగలేకపోతే, ఊళ్లోకి వచ్చిన షావుకారు చెప్పిందే రేటు.

ఇంకో మాట. సాలూరు కొండల్లోనో, శృంగవరపుకోట దగ్గర దారపర్తి కొండల్లోనో డోలీ మోస్తే ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది. తిరగాలి కూడా. కానీ డోలీ ఎక్కేదాకా మన ముసలోళ్లు ఎవరికీ కనిపించరు. బస్సు లేక బీపీ మాత్రలు మానేసిన తాత వీడియో ఎవరు తీస్తారు? ఆ మాత్రలు మానేసిన తాతే కొన్నాళ్లకి డోలీలో దిగుతాడు.

రోడ్లు వస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో బాగుజోలలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రోడ్లకి శంకుస్థాపన చేశారు. 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' మొదలైంది. మంచిదే. కానీ రోడ్డు పడినంత మాత్రాన బస్సు రాదు. ఆర్టీసీ లెక్క ఓఆర్ లెక్క, అంటే సీట్లు ఎంత నిండాయని. నలభై గడపల ఊరికి బస్సు ఏనాడూ నిండదు. నిండని రూటుని నష్టం రూటు అంటారు. మరి ఆ నాలుగు కిలోమీటర్లు మోకాళ్లు పట్టుకుని దిగే ముసలమ్మ నష్టం ఏ లెక్కలో రాస్తారు?

దీనికి దారి లేదా అంటే ఉంది. కేరళలో 2022లో 'గ్రామవండి' అని పెట్టారు. డీజిల్ ఖర్చు పంచాయతీ పెట్టుకుంటుంది. బస్సు, డ్రైవరు, కండక్టరు, మరమ్మతులు అక్కడి ఆర్టీసీవి. రూటు, టైము పంచాయతీ అవసరాన్ని బట్టి ఉంటాయి. మన పంచాయతీల దగ్గర అంత డబ్బు లేదు. మనకి ఐటీడీఏలు ఉన్నాయి కదా, డీజిల్ ఖర్చు అవి పెట్టుకోవాలి.

మనం అడిగేది పెద్దదేమీ కాదు.

ఒకటి: ఘాట్ రోడ్డు ఎక్కగలిగే మినీ బస్సు వారానికి రెండు రోజులు రావాలి. ఒకటి సంత రోజు, ఇంకోటి ఆసుపత్రికి వెళ్లే రోజు.

రెండు: ఓపీ మొదలయ్యేసరికి ఆసుపత్రి దగ్గర దింపాలి, సాయంత్రం అదే బస్సు తిరిగి ఎక్కించుకోవాలి.

మూడు: జంక్షన్‌లో షెల్టరు, కూర్చోడానికి బల్ల, తాగడానికి నీళ్లు కావాలి. బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి బస్సులో ఒక చిన్న పీట ఉంచాలి.

నాలుగు: రోడ్డు లేని ఊరినుంచి జంక్షన్ దాకా ముసలోళ్లని దించే బండి ఏర్పాటు చెయ్యాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడే కాదు, మామూలు రోజుల్లో కూడా.

షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్న ఊళ్లకి 1996 పెసా చట్టం ఉంది, గ్రామసభలో తీర్మానం చెయ్యండి. షెడ్యూల్‌లో చేరని ఊళ్లు కూడా ఆగొద్దు, తీర్మానం కాగితం మీరూ రాయండి. ప్రతి ఊళ్లో 60 దాటినవాళ్లు ఎంతమంది, బస్సుకి ఎన్ని కిలోమీటర్లు, ఏ రోజు ఎక్కడికి వెళ్లాలి, ఈ మూడూ రాసుకుని రండి. అన్నీ కలిపి సోమవారం గ్రీవెన్స్‌లో ఇద్దాం. ఒక్కరు ఇస్తే అర్జీ. ఊళ్లన్నీ కలిసి ఇస్తే వాళ్లు రూటు లెక్క వెయ్యక తప్పదు.

చివరగా మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మనలో చాలామందికి బైకులున్నాయి. అందుకే ఇన్నాళ్లు మనం బస్సు అడగలేదు. మనల్ని ఎత్తుకుని ఈ కొండలు ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు ఈ రోజు అరుగుమీదే ఉండిపోయారు. ఇంటికెళ్లాక వాళ్ల పక్కన కూర్చుని అడగండి: ఎక్కడికి వెళ్లాలనుంది, ఎన్నాళ్లయింది వెళ్లి? మన లిస్టు అక్కడినుంచే మొదలుపెడదాం.

జై ఆదివాసీ. జోహార్.