పొయ్యి తప్పా, పొగదారి తప్పా?

చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో గ్యాస్ బండ ఉన్నా, నీళ్లు కాచుకోవడానికి కట్టెల పొయ్యి వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తప్పు కట్టెలది కాదు, పొయ్యి పెట్టిన చోటిది. కిటికీ లేని గదిలో గాలి చాలక కట్టె సరిగా కాలదు. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. 2020లో ఇంటి పొగకు ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది బలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగ ఉంటే తాటాకు కప్పుకు పురుగు పట్టదంటారు పెద్దలు. కావచ్చు, కానీ ఆ పొగ ముందు చేరేది వండే తల్లి ఊపిరితిత్తుల్లోకే. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం తెచ్చింది కదా, ఇంకా పొగ ఎందుకంటారా? పొగగొట్టంలో మసి తీయకపోతే ఎంత మంచి పొయ్యి అయినా పొగను గదిలోకే చిమ్ముతుంది. గొట్టం కప్పు దాటి పైకి లేవాలి, తాటాకుకు తగలకూడదు. అది కుదరకపోతే పొయ్యిని ఈరోజే ఆరుబయటికి మార్చండి.