సున్నా చుట్టడం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని కంప్యూటర్లో వంపులు గీయడం. వంపులో ఏముంది అంటారా? గుడివాడ జంక్షన్ దాటి బందరు రైలు మలుపు తిరిగేటప్పుడు గ్లాసులో టీ తొణకకపోవడానికి ఒక లెక్క ఉంది. తిన్నని పట్టాలకు నేరుగా వృత్తపు ముక్క అతికించరు. మధ్యలో వంపు కొద్దికొద్దిగా పెరిగే ముక్క వేస్తారు. మన రైల్వేలో అందుకు వాడేది ఘన బహుపది, బడిలో చదువుకున్న ఎక్స్ క్యూబే.

ఇలా ముక్కలను అతుకు తెలియకుండా కలిపితే వచ్చే గీత స్ప్లైన్. అసలు స్ప్లైన్ అంటే ఓడలు కట్టేవాళ్లు వంచి గీత గీసుకునే సన్నని చెక్క బద్ద. 1946లో షోన్‌బర్గ్ ఆ పేరును గణితంలోకి తెచ్చారు.

మీ ఫోన్లోని తెలుగు అక్షరాలూ ఇలాంటి ముక్కలే. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను 1975లో దగ్గరుండి జరిపించిన మన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరున సిలికానాంధ్ర 'మండలి' ఫాంటు విడుదల చేసింది. అందులో ప్రతి వంపూ బహుపదే. అయితే మాస్టార్లు మన పేపర్ల మీద ఎర్ర సిరాతో అలవోకగా చుట్టిన సున్నా మాత్రం బహుపదికి లొంగదు. నాలుగు ఘన ముక్కలతో వృత్తం గీస్తే తేడా వ్యాసార్థంలో 0.027 శాతం దాకా వస్తుంది. అక్షరానికి అది లెక్క కాదు. అర మీటరు వ్యాసార్థం ఉన్న బేరింగుకు 0.135 మిల్లీమీటర్లు అవుతుంది. అలాంటి బేరింగును ఎవరూ తీసుకోరు.

ముక్కలు పెంచితే తేడా తగ్గుతుంది, చాలామంది అదే చేస్తారు. భిన్నాలుగా రాస్తే వృత్తం కచ్చితంగానే వస్తుంది. కానీ బలాల లెక్క కోసం అవకలనం చేసేకొద్దీ ఆ భిన్నాలు జడలు కడతాయి. నాకు నచ్చిన దారి వేరు. ఒకటి, టి, టి స్క్వేర్, టి క్యూబ్ అనే నలుగురిలో చివరి ఇద్దరినీ లేపి, ఆ కుర్చీల్లో కొసైన్, సైన్‌లను కూర్చోబెట్టడం. (వెనక వరుసలో కదలిక కనిపిస్తోంది, ఈరోజు పరీక్ష లేదు.) వృత్తం ఉన్నదున్నట్టు వస్తుంది. బోల్టు చుట్టూ తిరిగే మర కూడా వస్తుంది, అది భిన్నాలకు చేతకాదు. అవకలనం చేస్తే సైన్ కొసైన్ అవుతుందే తప్ప కొత్తవాడెవడూ ఇంట్లోకి రాడు. స్తంభాల మధ్య వేలాడే కరెంటు తీగకైతే హైపర్బోలిక్ జంటను పిలవాలి. వీటిని సాధారణీకృత స్ప్లైన్లు అంటారు.

ఊరికే రాదు లెండి. ఏ జంట కావాలో, ఒక్కో ముక్క ఎంత కోణం తిరగాలో గీసేవాడే ముందుగా చెప్పాలి. కోణం హద్దు దాటితే గీత అదుపు తప్పుతుంది. అంటే వస్తువు ఆకారం ముందే తెలిసినవాడికే ఇది పనికొస్తుంది.

మండలి ఫాంటు ఉచితం. దాన్ని మన బడి కంప్యూటర్ గదిలో ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉంచాను. భోజనాలయ్యాక పిల్లలు వచ్చి ఏ అక్షరానికి ఎన్ని బిందువులు పట్టాయో లెక్కపెట్టండి. 'ణ' దగ్గర కాస్త ఓపిక కావాలి.